సముద్రపు పనిని నలుపు తెలుపుల్లో తీయాలంటే ఏ కెమెరాతో దిగాలి?

వల లాగేవాళ్లు, పడవను ఒడ్డుకు నెట్టేవాళ్లు, రేవులో బస్తాలు మోసేవాళ్లు, ఉప్పుమళ్లలో పార పట్టినవాళ్లు. వీళ్లను నలుపు తెలుపుల్లో తీయాలని అనుకున్న చాలామంది ఒకే చోట చిక్కుకుపోతారు. ఫిల్మా, డిజిటలా? చిన్న కెమెరానా, పెద్దదా? ఉన్న ఫోన్ చాలదా? నేనూ ఈ ప్రశ్న దగ్గర ఏడాదిన్నర కూర్చున్నాను. ఆ ఏడాదిన్నరలో తీసిన ఫోటోలు సున్నా.

నా పక్షం ముందే చెప్పేస్తాను. "ఫోటో ఎలా కనిపించాలి" అన్న వైపు నుంచి మొదలుపెడితే ఈ లెక్క తెగదు. ఏ కెమెరాతోనైనా మంచి ఫోటోలు వచ్చాయి, ఏ కెమెరాతోనైనా చెత్త వచ్చింది. అన్నింటికన్నా ముందు తేల్చేవి రెండు: మీరు తీయబోయే పని ఎంత వేగంగా జరుగుతుంది, మీరు అక్కడికి ఎన్నిసార్లు వెళ్లగలరు. కెమెరా ఎంత నెమ్మదిదైతే అన్ని ఎక్కువ రోజులు అడుగుతుంది. రోజులు లేనివాళ్లు నెమ్మది కెమెరా పట్టుకెళ్తే చేతికి దక్కేది భుజం నొప్పి.

## ముందు ఒక అడ్డు ప్రశ్న: రంగు తీసేయాలా?

నైలాను వలల నీలం, రబ్బరు కోట్ల పసుపు, పడవల మీద ఎరుపు గీతలు, తుప్పు. సముద్రం పక్కన రంగు అలంకారం మాత్రమే కాదు, చాలాసార్లు సమాచారం కూడా. ఏ పడవ ఎవరిది, ఏ కుప్ప ఏ సరుకు అన్నది రంగే చెబుతుంది. నౌకా రవాణా మీద, ఓడరేవు కార్మికుల మీద అమెరికా ఫోటోగ్రాఫర్ అలన్ సెకులా ఏళ్ల తరబడి చేసిన "ఫిష్ స్టోరీ" 1995లో పుస్తకంగా వచ్చింది. అది రంగుల్లోనే ఉంది. కంటెయినర్ల లోకం గురించి మాట్లాడేటప్పుడు రంగు తీసేస్తే సగం మాట పోతుంది.

మీ కన్ను ఒళ్లు వంగే తీరు మీద, తాడు బిగువు మీద, తడి మెరుపు మీద, ముఖం మీద నిలుస్తుంటే నలుపు తెలుపు సరైనదే. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. రంగు పోగానే ప్రతిదీ యాభై ఏళ్ల కిందటి ఫోటోలా కనిపిస్తుంది. దానికి లొంగిపోయి ప్లాస్టిక్ డబ్బాను, మోటారు ఇంజిన్‌ను, చెవి దగ్గరున్న ఫోన్‌ను ఫ్రేములోంచి తప్పించడం మొదలుపెడితే మీరు తీస్తున్నది డాక్యుమెంటరీ కాదు, క్యాలెండర్.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

మొదటిది తెలుపు. సముద్రం దగ్గర ఫోటోగ్రాఫర్‌కు అసలు శత్రువు ఇదే. తెల్లటి ఆకాశం, తెల్లటి నురుగు, మెరిసే తడి ఇసుక, వాటి ముందు వెలుగుకు వీపు పెట్టి నిలబడ్డ మనిషి. కెమెరాలోని మీటరు కనిపించిందంతా ఒక నడిమి బూడిద రంగని అనుకుని లెక్క వేస్తుంది. ఫ్రేములో సగం నురుగుంటే వెలుగు తగ్గించేస్తుంది. నురుగు బూడిదవుతుంది, ముఖం బొగ్గవుతుంది. ముఖం నల్లనిదైతే నష్టం ఇంకా ఎక్కువ, కళ్ల చుట్టూ ఉన్న వివరమంతా పోతుంది. కాబట్టి మీటరు చెప్పినదానికి ఒకటి నుంచి రెండు స్టాపుల దాకా (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు) కలపాలి, లేదా ముఖం దగ్గరికెళ్లి ముఖాన్నే కొలవాలి. దగ్గరికెళ్లే వీలు లేకపోతే అదే వెలుగులో మీ అరచేతిని కొలిచి సుమారు ఒక స్టాపు కలపండి. ముందు ఇంట్లో గ్రే కార్డుతో (నడిమి బూడిద రంగు అట్ట) మీ అరచేతి లెక్క ఎంతో సరిచూసుకోండి.

ఈ తెలుపు బాధ ఫోటోగ్రఫీ అంత పాతది. తొలినాటి ప్లేట్లు నీలి వెలుగుకే ఎక్కువ స్పందించేవి. సముద్రానికి సరిపడా వెలుగిస్తే ఆకాశం ఖాళీ కాగితమయ్యేది. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ గుస్తావ్ లే గ్రే 1850లలో సముద్రానికొక నెగెటివ్, ఆకాశానికొక నెగెటివ్ తీసి రెండింటినీ కలిపి ప్రింటు వేశాడు. ఇవాళ ఏ కెమెరా ఎంచుకున్నా, ఆ రెండు నెగెటివ్‌ల పనిని అది ఒక్కటే ఎంతవరకు చేయగలదన్నదే మన మొదటి కొలత.

రెండోది పని వేగం. వల బాగుచేసుకునే మనిషి గంటసేపు ఒకే చోట కూర్చుంటాడు. పడవ అల దాటే క్షణం రెండు సెకన్లు కూడా ఉండదు. వల లాగే ఒంటిని కదలకుండా పట్టాలంటే షట్టరు 1/250 సెకను కావాలి, తుంపర చుక్కలుగా కనిపించాలంటే 1/500 పైన. కావాలని కదలికను చెదరనివ్వడం వేరే సంగతి, దానికి 1/15 చాలు.

మూడోది ఉప్పు. నాలుగోది మీ రాకపోకలు: ఒక్క ఉదయమా, ఒక వారమా, రెండేళ్లా? ఐదోది చాలామంది ఆఖర్న గుర్తుచేసుకునేది. తీసిన ఫోటోను ఆ మనిషి చేతిలో ఎంత త్వరగా పెట్టగలరు?

## చిన్న ఫిల్ము: 35 మి.మీ.

ఈ రకం ఫోటోగ్రఫీ అనగానే అందరి కళ్లలో మెదిలే గరుకు (గ్రెయిన్) ఇక్కడిదే. కొడాక్ ట్రై-ఎక్స్ 35 మి.మీ. రీలుగా 1954లో వచ్చింది. ఇల్‌ఫోర్డ్ హెచ్‌పీ5 ప్లస్ 1989 నాటిది. రెండూ ఐఎస్ఓ (వెలుగుకు స్పందించే వేగం) 400, రెండూ తప్పులు క్షమించేవే. బ్రెజిల్ ఫోటోగ్రాఫర్ సెబాస్తియావ్ సల్గాడో 1986 నుంచి 1992 దాకా లోకమంతా తిరిగి శారీరక శ్రమను తీసినప్పుడు వాడింది చిన్న కెమెరాలే. సిసిలీలో ట్యూనా చేపల వేట, బంగ్లాదేశ్‌లో ఓడలు విరగ్గొట్టే ఒడ్డు ఆ వరుసలోనివే. ఆ పనుల మధ్య ముక్కాలి పీట (ట్రైపాడ్) వేసుకుని నిలబడడం కుదిరేది కాదు.

నెగెటివ్ ఫిల్ముకు ఎక్కువ వెలుగంటే భయం లేదు. ఒకటి రెండు స్టాపులు ఎక్కువైనా నురుగులో వివరం నెగెటివ్‌లో దాక్కునే ఉంటుంది. ప్రింటు వేసేటప్పుడు బయటికి లాగవచ్చు. తక్కువైతే మాత్రం ముఖం పోయినట్టే, ఏ రసాయనమూ తిరిగి ఇవ్వదు. అందుకే ఒడ్డున ఫిల్ముతో నా లెక్క ఒకటే: ముఖానికి ఇవ్వాల్సింది ఇచ్చేయ్, నురుగు సంగతి డార్క్‌రూములో చూసుకో.

చిక్కంతా తెల్లవారుజామున. పడవలు కదిలేది చీకట్లో, లేదా తిరిగొచ్చేది వెలుగు వచ్చే వేళకు. ఆ గంటలో వెలుగు వందల రెట్లు పెరుగుతుంది. రీలు వేగం మాత్రం రీలంతా ఒకటే. చీకటి కోసం 400 రీలును 1600గా నడిపి ఎక్కువసేపు కడిగించాలనుకున్నారనుకోండి. ఇరవై ఫ్రేములయ్యేసరికి సూర్యుడు వచ్చేస్తాడు. 1600 దగ్గర ఎదురెండలో లెన్సు కన్నాన్ని ఎఫ్16 దాకా మూసినా షట్టరు 1/1600 కావాలి, సముద్రపు మెరుపుకు ఇంకా పైకి. చాలా పాత కెమెరాలు 1/1000 దగ్గర ఆగిపోతాయి. పైగా అలా లాగిన రీలులో నీడలు చస్తాయి. నల్లటి పడవ అంచు, టోపీ కింది ముఖం కలిసిపోతాయి. దీనికి మందు రెండు కెమెరా బాడీలు, ఒకటి చీకటికి, ఒకటి ఎండకు. రీలు మార్చే బాధ కూడా సగం తగ్గుతుంది. మోకాలి లోతు నీళ్లలో ముప్పై ఆరో ఫ్రేము అయిపోయినప్పుడు కెమెరా వెనక మూత తెరవడమంటే దేవుణ్ణి తలుచుకోవడమే.

ఫిల్టర్ల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. పసుపు ఫిల్టరు ఒక స్టాపు తింటుంది, నారింజది రెండు దాకా, ఎరుపు మూడు. మూడూ నీలి ఆకాశాన్ని నల్లబరుస్తాయి, మబ్బును లేపుతాయి. ఆకాశం నీలంగా ఉంటేనే సుమా! మబ్బు పట్టి తెల్లగా ఉన్న రోజున ఎంత ఎర్ర గాజు పెట్టినా ఒరిగేదేమీ లేదు. ఇంకో సంగతి, ఎరుపు చర్మాన్ని తెల్లబరుస్తుంది. పెదవులు పాలిపోతాయి, ముఖం మీది మచ్చలు, ముడతలు చదునవుతాయి. ఎండకు కాగిన ముఖాన్ని తీయడానికి వెళ్లి దానికి పౌడరు రాసినట్టే. పసుపు చాలు. దీనికి సరిగ్గా వ్యతిరేకం కావాలనుకుంటే ఇల్‌ఫోర్డ్ ఆర్థో ప్లస్ ఉంది. అది ఎరుపును చూడలేదు, కాబట్టి చర్మం ముదురుగా, ప్రతి గీతా తేలి వస్తుంది. కాకపోతే ఐఎస్ఓ 80, పరుగెత్తే పనికి పనికిరాదు.

ఇంట్లో కడుక్కునే వీలు లేనివాళ్లకు ఇల్‌ఫోర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ ఒక మధ్యేమార్గం. నలుపు తెలుపు ఫిల్మే గానీ రంగుల నెగెటివ్‌లను కడిగే రసాయనంలోనే కడుగుతారు, రంగుల ల్యాబు ఉన్నచోట పని జరిగిపోతుంది. ఎక్కువ వెలుగును హాయిగా ఓర్చుకుంటుంది. చిత్రంలో వెండి మిగలదు కాబట్టి స్కానరులో దుమ్మును తొలగించే పరారుణ సౌకర్యం కూడా దీనిమీద పనిచేస్తుంది. మామూలు నలుపు తెలుపు ఫిల్ము మీద అది పనిచేయదు. గరుకు అందం తక్కువ అంటారు పెద్దలు. మొదటి ఐదు రీళ్లకు నేనైతే ఇదే ఇస్తాను.

పడవ ఎక్కేవాళ్ల కోసం ఒక పాత కెమెరా ప్రస్తావన తప్పదు. నికాన్ 1963లో మొదలుపెట్టి 2001 దాకా చేసిన నికోనోస్ వరుస నీళ్లలో మునిగినా పనిచేసే 35 మి.మీ. కెమెరా. కొనేటప్పుడు లెన్సు చూసుకోండి. 35 మి.మీ. లెన్సు గాలిలోనూ నీటిలోనూ పనిచేస్తుంది, 28 మి.మీ. లెన్సు నీటి కింద మాత్రమే. ఫోకస్ కంటితో చూసి కుదరదు, దూరం అంచనా వేసి తిప్పాలి. ఎఫ్11 పెట్టి దూరం 4 మీటర్లకు కట్టేస్తే దాదాపు 2 మీటర్ల నుంచి కనుచూపు మేర దాకా స్పష్టంగా వస్తుంది, ఇక దాన్ని ముట్టుకోనక్కర్లేదు. లోపలి రబ్బరు రింగులు ముసలివై ఉంటాయి. రీలు వేయకుండా బకెట్టు నీళ్లలో ముంచి చూశాకే సముద్రానికి తీసుకెళ్లండి.

## పెద్ద నెగెటివ్: 6×6, 4×5

ఈ విషయంలో చరిత్రలో చాలా భాగం పెద్ద కెమెరాల పక్షమే. స్కాట్లండ్ ఫోటోగ్రాఫర్లు డేవిడ్ ఆక్టేవియస్ హిల్, రాబర్ట్ ఆడమ్సన్ 1843 నుంచి 1847 మధ్య ఎడిన్‌బరో పక్కన న్యూహేవెన్‌లో చేపలు పట్టేవాళ్లను, అమ్మే ఆడవాళ్లను కాలోటైప్ అనే తొలినాటి కాగితపు నెగెటివ్ పద్ధతిలో తీశారు. కదిలితే చెదిరిపోయే కాలం అది. అందుకే ఆ ఫోటోల్లో పని జరగడం కనిపించదు. పని చేసే మనుషులు ఆగి, ఒకరికొకరు ఆనుకుని, బుట్టలు పక్కన పెట్టుకుని కనిపిస్తారు. 1911లో ఫోటోగ్రాఫర్ లూయిస్ హైన్ అమెరికా గల్ఫ్ తీరంలో, మెయిన్ రాష్ట్రంలో సముద్రపు ఆహారాన్ని డబ్బాల్లో నింపే కర్మాగారాల్లో పనిచేసే పిల్లల్ని తీశాడు. ప్లేటు కెమెరా బరువు మోస్తూనే వాళ్ల వయసు, పని, గంటలు రాసుకున్నాడు. ఆ రాతలు లేకపోతే ఆ ఫోటోల బలం సగమే.

అయితే నా వాదనకు అసలు సాక్షి ఫోటోగ్రాఫర్ క్రిస్ కిలిప్. ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో లైన్‌మత్ దగ్గర సముద్రం ఒడ్డుకు కొట్టే బొగ్గును గుర్రపు బండ్లతో ఏరుకుని బతికే జనం ఉండేవారు. 1976లో మొదటిసారి వెళితే తరిమేశారు. 1982లో గానీ వాళ్లలోకి ప్రవేశం దొరకలేదు. అక్కడే ఒక కారవాన్ తెచ్చుకుని ఉండి, 1984 దాకా 4×5 అంగుళాల కెమెరాతో తీశాడు. ఆ ఫోటోల్లో బండి నీళ్లలోకి దిగుతుంది, గుర్రం కదులుతుంది, ఎవరూ కెమెరా కోసం ఆగినట్టుండదు. అంత పెద్ద పెట్టెతో అది ఎలా కుదిరింది? వాళ్లకు ఆ మనిషి అలవాటైపోయాడు, ఆయనకు పని తెలిసిపోయింది. బండి ఎప్పుడు ఎక్కడ తిరుగుతుందో ముందే తెలిస్తే నెమ్మది కెమెరా కూడా వేగంగానే ఉంటుంది.

ఇంత ఓపిక లేకపోయినా మధ్యలో 6×6 సెం.మీ. నెగెటివ్ ఉంది. రోలైఫ్లెక్స్, హాసెల్‌బ్లాడ్ వంటివి. 120 రీలుకు 12 ఫ్రేములే. పైనుంచి వంగి అద్దంలోకి చూసి తీస్తారు కాబట్టి కెమెరా మీ ముఖానికి అడ్డం రాదు. ఎదుటి మనిషి మీ ముఖాన్ని చూస్తూ మాట్లాడతాడు. ముఖచిత్రాలకు దీన్ని మించింది నాకు తెలియదు. వీటిలో షట్టరు లెన్సులోనే ఉండే రకాలకు ఇంకో లాభం ఉంది. 1/500 దగ్గర కూడా ఫ్లాష్ కలుస్తుంది. వీపుకు ఎండ పెట్టి నిలబడ్డ మనిషి ముఖానికి చిన్న ఫ్లాష్ వేసి, వెనక సముద్రాన్ని తెల్లబారిపోకుండా పట్టవచ్చు.

నష్టం కూడా చెప్పాలి. ముక్కాలి పీట కాళ్లు ప్రతి అలకూ కొంచెం కొంచెం ఇసుకలోకి దిగిపోతాయి. లెన్సుకూ కెమెరా వెనక భాగానికీ మధ్య మడతల గొట్టంలా ఉండే బెలోస్ గాలికి తెరచాపలా ఊగుతుంది. పడవ మీద అసలు కుదరదు.

## రంగుల డిజిటల్ కెమెరా, తర్వాత నలుపు తెలుపు

ఎక్కువమందికి సరిపోయేది ఇదే, ఒప్పుకోవడానికే ఎక్కువమందికి మనసు రాదు. సల్గాడో కూడా 2008లో, "జెనెసిస్" అన్న తన ఫోటోల వరుస మధ్యలో, ఫిల్ము వదిలి డిజిటల్‌కు మారాడు. విమానాశ్రయాల ఎక్స్‌రేలు ఫిల్మును పాడుచేయడం అందుకు ఒక కారణం. మారినా కాంటాక్ట్ షీట్లు (ఫ్రేములన్నీ చిన్నవిగా ఒకే కాగితం మీద) ప్రింటు వేయించుకుని వాటి మీదే ఫోటోలు ఎంచుకునేవాడు. ఫిల్ము చేతిలోంచి పోయినా ఎంచుకునే అలవాటు పోలేదు. నకలు చేయదగిన అలవాటు ఇదొకటే, ఆయన మబ్బులు కావు.

దీని బలం ఫిల్టరును ఇంటికొచ్చాక పెట్టుకోగలగడం. పసుపు కోటు ఎంత తెల్లగా ఉండాలి, నీలి వల ఎంత నల్లగా ఉండాలి అన్నది రంగు రంగుకూ వేరుగా జరపవచ్చు. బలహీనత కూడా అక్కడే పుడుతుంది. నీలాన్ని పూర్తిగా కిందికి లాగితే ఆకాశం నాటకీయంగా నల్లబడుతుంది, దాంతోపాటు మచ్చలు, మరకలు, పడవ కొయ్య చుట్టూ తెల్లటి అంచు తేలుతాయి. నారింజను పైకి జరిపితే చర్మం తెల్లబడుతుంది. నల్లని మనిషిని తెల్లగా చేయడం తెలియకుండా జరిగిపోయే పొరపాటు, చేసినవాడికే కనిపించదు. నారింజ, ఎరుపు స్లయిడర్లను మొదట ముట్టుకోకుండా వదిలేయండి. ముఖం చీకటిగా ఉంటే ఆ ముఖానికి మాత్రమే వెలుగు పెంచండి.

వెలుగు లెక్క ఫిల్ముకు తలకిందులు. ఇక్కడ నురుగు ఒకసారి పూర్తి తెల్లబడితే తిరిగిరాదు, నీడలు మాత్రం చాలావరకు పైకి వస్తాయి. కాబట్టి హిస్టోగ్రాం (చీకటి నుంచి తెలుపు దాకా వెలుగు ఎంతెంత ఉందో కెమెరా చూపే గీతచిత్రం) కుడి గోడకు గుద్దుకోకుండా చూసుకుంటూ, ముడి ఫైలులో (రా) తీసి ముఖాన్ని తర్వాత లేపాలి. ఫిల్ము నుంచి డిజిటల్‌కు వచ్చినవాళ్లు పాత అలవాటుతో నురుగును కాల్చేస్తారు, నేనూ కాల్చాను.

ఒక చిన్న ఏర్పాటు చాలా మేలు చేస్తుంది. కెమెరాలో చిత్రశైలిని మోనోక్రోమ్‌కు మార్చి, ముడి ఫైలు దాచుకునేలా పెట్టండి. తెర మీద నలుపు తెలుపే కనిపిస్తుంది, రంగుల సమాచారం లోపల భద్రంగా ఉంటుంది. ఎర్రకోటు ఎంత ఎర్రగా ఉందో చూసి మోసపోవడం ఆగుతుంది. చీకట్లో 6400, ఎండలో 200 అని ఫ్రేము ఫ్రేముకూ వేగం మార్చుకోవచ్చు కాబట్టి ఇందాకటి తెల్లవారుజాము చిక్కు ఇక్కడ లేదు. ఒడ్డు పనికి డిజిటల్ ఇచ్చే అన్నింటికన్నా పెద్ద వరం ఇదే.

శాపం: ఒక్క ఉదయంలో రెండువేల ఫ్రేములు. ఎంచడం తెలియకపోతే ఆ కార్డు చేపలు ఏరని వల.

## మోనోక్రోమ్ సెన్సారు కెమెరా

లైకా ఎం మోనోక్రోమ్ (2012), పెంటాక్స్ కే-3 మార్క్ 3 మోనోక్రోమ్ (2023) వంటివి. మామూలు సెన్సారు మీద ఉండే రంగుల వడపోత పొర వీటికి ఉండదు. దాంతో వెలుగు ఎక్కువ అందుతుంది, పదును పెరుగుతుంది, చీకట్లో గరుకు చక్కగా ఉంటుంది. బదులుగా రెండు వదులుకోవాలి. ఇంటికొచ్చాక రంగు రంగుకూ వేరుగా జరిపే వీలు లేదు, గాజు ఫిల్టర్లు మళ్లీ సంచిలోకి వస్తాయి. నురుగు తెల్లబడితే మామూలు కెమెరాలో ఏదో ఒక రంగు చానల్‌లో మిగిలిన కాస్త వివరమైనా లాగవచ్చు, ఇక్కడ ఆ ఆశ లేదు. తెలుపు శత్రువైన చోట ఇది చిన్న లోపం కాదు. ఏళ్లుగా నలుపు తెలుపే తీస్తూ, ఇక మనసు మారదని తెలిసినవాళ్లకే నేనిది చెబుతాను.

## ఫోన్

చిన్నచూపు వద్దు. ఒడ్డున ప్రతివాళ్ల దగ్గరా ఉన్న వస్తువు కాబట్టి ఎవరూ బెదరరు. తీసిన మరుక్షణం చూపించవచ్చు, అడిగిన మనిషి ఫోన్‌కే పంపవచ్చు. ఐదో కొలతలో దీనికి పోటీ లేదు.

అయితే ఫోన్ తనంతట తాను నాలుగైదు ఫ్రేములు కలిపి నురుగునూ నీడనూ ఒకే మట్టానికి తెస్తుంది, ముఖాల మీద ముడతలు నున్నగా తుడిచేస్తుంది. ముడి ఫైలు ఇచ్చే యాప్ వాడితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. నీటిని తట్టుకుంటుందని చెప్పే ఐపీ68 అన్న గుర్తు చూసి సముద్రంలో ముంచకండి, ఆ పరీక్ష మంచినీళ్లతో చేసేది. తడి వేళ్లకు తెర పలకదు, ఎదురెండలో తెర కనిపించదు. దూరంగా ఉన్న పడవను లాగి తీస్తే పిండిబొమ్మలా వస్తుంది. మొదటి నాలుగు రాకపోకలకు నోటుపుస్తకంలా ఇది చాలు.

## ఒక్క చూపులో

| మార్గం | తెల్లని వెలుగు | పని వేగం | ఉప్పు, తడి | అడిగే రోజులు |
|---|---|---|---|---|
| 35 మి.మీ. ఫిల్ము | నురుగును క్షమిస్తుంది, నీడను క్షమించదు | బాగా అందుకుంటుంది, 36 దాకా | యాంత్రిక కెమెరా ఓర్చుకుంటుంది, రీలు మార్పిడే గండం | వారాలు |
| 6×6, 4×5 | అన్నింటికన్నా మెత్తని తెలుపు | ఆగిన మనిషికి, ముందే తెలిసిన కదలికకు | బెలోస్, పీట బలహీనం | నెలలు, ఏళ్లు |
| రంగుల డిజిటల్ | నురుగును కాపాడుకోవాలి, నీడ లేస్తుంది | అన్ని వేళలా | సీలు ఉన్న బాడీ అయితే మంచిది | ఒక్క ఉదయమైనా |
| మోనోక్రోమ్ సెన్సారు | పోయిన తెలుపు పోయినట్టే | చీకట్లో చాలా బాగు | కెమెరాను బట్టి | వారాలు |
| ఫోన్ | తానే చదును చేసేస్తుంది | దగ్గరి పనికి | తుంపర సరే, మునక వద్దు | ఎన్నైనా |

## మీరు ఎవరైతే ఏది

ఒకటి రెండు ఉదయాలే చేతిలో ఉన్నవాళ్లు డిజిటల్ తీసుకోండి, తర్కం అనవసరం. తెల్లవారుజామున మారే వెలుగుతో కుస్తీ పట్టడానికి రెండు ఉదయాలు చాలవు.

వారం వారం వెళ్లగలిగి, డార్క్‌రూము మీద ప్రేమ ఉన్నవాళ్లకు 35 మి.మీ. అచ్చంగా సరిపోతుంది. రీలు కడిగి కాంటాక్ట్ షీటు చూసి, ఏం తప్పిపోయిందో తెలుసుకుని మళ్లీ వారం వెళ్లడంలోనే సగం చదువుంది. రెండింటి మధ్య నలిగేవాళ్లు ఈ లెక్క వేసుకోండి: నెలకు నాలుగు రీళ్లు కొని, కడిగి, స్కాన్ చేసే ఖర్చూ తీరికా ఏడాదిపాటు ఉంటాయా? లేవనుకుంటే మొదలుపెట్టి మధ్యలో ఆపే ఫిల్ము కన్నా ఆగకుండా నడిచే డిజిటల్ మేలు.

పడవ ఎక్కేవాళ్లు ఉన్నవాటిలో తక్కువ ప్రేమించే కెమెరాను తీసుకెళ్లండి. నవ్వులాట కాదు, పోతుందన్న భయంతో సంచిలో దాచిన కెమెరా ఏమీ తీయదు.

ముఖాలే మీ విషయమైతే, పని ముగిసి అందరూ కూర్చునే వేళకు వెళ్లగలిగితే, 6×6 మోయండి. పన్నెండు ఫ్రేములు తక్కువేమీ కాదు. మనిషికి మూడు చొప్పున నలుగురు.

ఇంతవరకు మనుషుల్ని దగ్గరగా తీసిన అలవాటే లేనివాళ్లకు కెమెరా కన్నా లెన్సు ముఖ్యం. 200 మి.మీ. లెన్సుతో ఒడ్డు మీంచి తీస్తే అందరూ నీడబొమ్మలవుతారు, మీరు దొంగచాటు మనిషవుతారు. 35 మి.మీ. లేదా 28 మి.మీ. ఒక్కటి పెట్టుకుని వెళ్లండి. తాడు పట్టుకున్న చేతులు ఫ్రేమంతా రావాలంటే తాడు దాకా నడవాలి, అక్కడిదాకా నడిస్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు. ఇసుకలో లెన్సు మార్చే పనీ తప్పుతుంది.

## ఏది ఎంచుకున్నా ఉప్పు ఒకటే

ఉప్పు తేమను పీల్చుకుని లోహాన్ని తింటుంది, ఎండితే గాజును గీస్తుంది. ఒకసారి లెన్సు మీద తుంపర పడితే చొక్కా కొసతో తుడిచాను. ఆ గీతలు ఇప్పటికీ ఎదురెండలో వెలుగుతుంటాయి. ఎండిన ఉప్పును పొడిగుడ్డతో తుడవకూడదు. మంచినీళ్లలో పిండిన గుడ్డతో ముందు కరగనివ్వాలి, తర్వాతే పొడిగుడ్డ. లెన్సు ముందు ఒక సాదా ఫిల్టరు ఉంటే అది గీసుకుంటుంది, పోతే అది పోతుంది. ఏసీ గదిలోంచి తేమగాలిలోకి తెస్తే లెన్సు మసకబారుతుంది. బయలుదేరే ముందు సంచిలోనే అరగంట బయటి గాలికి ఉంచండి, వచ్చాక సిలికా జెల్ పొట్లాలతో మూసిపెట్టండి. ఫిల్ముతో విమానమెక్కేవాళ్లు కొత్త సీటీ స్కానర్ల దగ్గర చేతి తనిఖీ అడగాలి, అవి రీళ్లను మసకబారుస్తాయి.

## తీసినవి ఎవరివి

ఫిల్మా, డిజిటలా అన్న ప్రశ్నకు ఇక్కడ ఒక మలుపుంది. జపాన్‌లో మినమాటా సముద్రం ఫ్యాక్టరీ పాదరసంతో విషమైనప్పుడు, చేపలు తిని జబ్బుపడ్డ కుటుంబాల మధ్య ఫోటోగ్రాఫర్ దంపతులు యూజీన్ స్మిత్, ఐలీన్ స్మిత్ 1971 నుంచి మూడేళ్లు ఉండి తీశారు. తల్లి ఒడిలో స్నానం చేస్తున్న ఒక అమ్మాయి ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ఆ అమ్మాయి పోయిన చాలా ఏళ్లకు, 1990ల చివర్లో, తల్లిదండ్రుల మనసెరిగి ఇకపై దాన్ని కొత్త ప్రచురణలకు ఇవ్వబోనని ఐలీన్ స్మిత్ నిర్ణయించారు. నెగెటివ్, హక్కు ఒకరి చేతిలో ఉన్నాయి కాబట్టి ఆ మాట చెప్పగలిగారు. ఇవాళ ఫోన్‌లో పంపిన ఫైలును ఎవరూ వెనక్కి పిలవలేరు. కాబట్టి త్వరగా పంపే సౌకర్యం ఉన్నవాళ్లు ముందే అడగాలి: ఇది మీకు మాత్రమే పంపనా, నలుగురిలో పెట్టనా? గోడకెక్కే ప్రదర్శన అయితే మళ్లీ అడగాలి.

ఏ దారిన వెళ్లినా రెండోసారి వెళ్లేటప్పుడు మొదటిసారి తీసినవి పోస్టుకార్డు అంత సైజులో ప్రింటు వేయించి పట్టుకెళ్లండి. వెనక పెన్సిలుతో తేదీ రాయండి. మీరు వలకు, తాడుకు, ముడికి పెట్టిన పేర్లు తప్పయితే వాళ్లే దిద్దుతారు, శీర్షికలు అక్కడే సరిచేసుకోండి. ప్రింట్లను ఒక్కొక్కటీ ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, తడిచేతులతోనే తీసుకుంటారు.